తెల్లమచ్చ కనబడగానే స్ట్రోక్ అని రాయొద్దు: రాత్రి డ్యూటీలో డిఫ్యూజన్ ఎంఆర్ఐ చదివే పద్ధతి

మా డిపార్ట్‌మెంటులో చేరే కొత్త పీజీలకి, టెక్నీషియన్లకి ఏటా నోటితో చెప్పే పాఠమే ఇది. చెప్పినప్పుడల్లా ఏదో ఒకటి మర్చిపోతున్నానని ఈసారి రాసి పెడుతున్నాను. కోస్తాలో ఒక బోధనాసుపత్రిలో రేడియాలజిస్టుని. మా మెషీన్ 1.5 టెస్లా. పర్ఫ్యూజన్ (మెదడుకి రక్తం ఎంత అందుతోందో) లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ లేదు. రాత్రిపూట ఒక పీజీ, ఒక టెక్నీషియన్, ఇంటి నుంచి ఫోన్లో నేను. మీ దగ్గర కూడా ఇంచుమించు ఇంతే ఉంటుందనుకుని రాస్తున్నాను.

మెషీన్ కన్నా ముందు గడియారం

క్యాజువాలిటీ నుంచి "స్ట్రోక్ కేసు, ఎంఆర్ఐ కావాలి" అని ఫోన్ రాగానే స్లాట్ ఉందా లేదా చూడకండి. పేషెంటు చివరిసారి మామూలుగా ఉండగా ఎవరు చూశారు, ఎన్ని గంటలకి, అని అడగండి. "పొద్దున లేచేసరికి మూతి వంకర పోయిందండీ, చెయ్యి పడిపోయింది" అంటారు. ఆరింటికి లేచాడు కాబట్టి స్ట్రోక్ ఆరింటికి వచ్చిందని కేసు షీటులో రాసేస్తారు. అది తప్పు. రాత్రి పదింటికి పడుకుంటే మన లెక్క రాత్రి పదింటి నుంచే మొదలు.

ఆ లెక్కని ముందుకి జరపగలిగే ప్రశ్న ఒకటుంది. "మధ్యలో బాత్రూంకి లేచారా? తనే నడిచి వెళ్ళారా?" షుగరున్న పెద్దవాళ్ళు చాలామంది రాత్రి లేస్తారు. మూడింటికి లేచి, తలుపు గడియ తనే తీసుకుని, మామూలుగా వెళ్ళొచ్చాడని పక్కన పడుకున్న భార్య చెప్తే మనకి అయిదు గంటలు కలిసొచ్చినట్టే. కొడుకుని అడిగితే ఈ సంగతి తెలియదు, ఆవిడనే అడగాలి. "ఇందాకే", "కాసేపటి క్రితం" అన్నవి సమయాలు కావు. ఏ సీరియల్ వస్తోంది, పాలు పోసే అతను వచ్చి వెళ్ళాడా, ఇలా అడిగితే అసలు టైము బయటికొస్తుంది.

టైము తెలిసి, అది నాలుగున్నర గంటల లోపలే ఉండి, సీటీలో రక్తస్రావం లేకపోతే, ఎంఆర్ఐ కోసం గడ్డ కరిగించే ఇంజెక్షన్ని ఆపొద్దు. ఈ నాలుగున్నర గంటల గీత 2008లో వచ్చిన ఈకాస్-3 అధ్యయనం నుంచి వచ్చింది. అంతకుముందు 1995 నాటి ఎన్ఐఎన్‌డీఎస్ లెక్క ప్రకారం మూడు గంటలే. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు చచ్చిపోతాయని జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టి చూపించాడు. ఎంఆర్ఐ టేబులు మీద ఇరవై నిమిషాలు పోతే ఎంత పోతుందో మీరే గుణించుకోండి. డిఫ్యూజన్ (నీటి కదలికని చూపించే ఎంఆర్ఐ బొమ్మ) నిజంగా ఉపయోగపడేది వేరే చోట్ల: నిద్రలో వచ్చిన స్ట్రోక్, మెదడు వెనక భాగపు స్ట్రోక్, పది నిమిషాల్లో తగ్గిపోయిన బలహీనత, అసలిది స్ట్రోకేనా అని ఫిజీషియన్‌కే అనుమానం వచ్చిన కేసు, ఆలస్యంగా వచ్చినా రక్తనాళంలోంచి గడ్డ తీయించే అవకాశం ఉందేమో చూడాల్సిన కేసు.

గదిలోకి పంపే ముందు

ఇది టెక్నీషియన్ల కోసం, కానీ పీజీలు కూడా చదవండి. స్ట్రోక్ పేషెంటుకి మాట పడిపోయి ఉండొచ్చు. "మీకు పేస్‌మేకర్ ఉందా" అని అడిగితే తల ఊపుతాడు, ఏది అడిగినా అలాగే ఊపుతాడు. ఇంటివాళ్ళని అడగండి, వాళ్ళ మాట విన్నాక కూడా ఎడమ కాలర్ ఎముక కింద చేత్తో తడిమి చూడండి, తల మీద పాత ఆపరేషన్ మచ్చ ఉందేమో జుట్టు పక్కకి తీసి చూడండి. అనుమానం తీరకపోతే ఒక ఛాతీ ఎక్స్‌రే తీయించండి.

ఆడవాళ్ళ మంగళసూత్రానికి పిన్నీసులు గుత్తులుగా ఉంటాయి. తాళి బంగారమే కావచ్చు, పిన్నీసు ఇనుము. రవికె లోపల ఇంకోటి ఉంటుంది. తాళి తీయడానికి ఇంట్లో పెద్దావిడ ఒప్పుకోకపోతే వాదించొద్దు. పిన్నీసులన్నీ తీయించి, "పసుపుతాడు కట్టి పంపండమ్మా" అంటే వాళ్ళే కట్టేస్తారు. మగవాళ్ళకి మొలతాడు, దానికో తాయెత్తు. అందులో ఏ లోహం ఉందో కట్టినవాడికి తప్ప ఎవరికీ తెలియదు, విప్పేయండి. మెట్టెలు, తలపిన్నులు, వినికిడి మిషను సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆక్సిజన్ సిలిండరు మాత్రం వార్డుబాయ్ చేతిలో ఉంటే గది గుమ్మం దగ్గరే ఆపాలి.

సీక్వెన్సుల (ఒక్కో రకం బొమ్మ తీసే విధానాల) వరుస మార్చొద్దు. లోకలైజర్ (తల ఎక్కడుందో చూసుకునే తొలి బొమ్మ) అవగానే డిఫ్యూజన్. కంగారుగా కదిలే పేషెంటు రెండో నిమిషంలో లేచి కూర్చోవచ్చు, ఈలోపు దొరికేది డిఫ్యూజన్ అయి ఉండాలి. దాని తర్వాత ఫ్లెయిర్ (ద్రవాన్ని నల్లగా చేసి మచ్చని తెల్లగా చూపే బొమ్మ), ఆ తర్వాత రక్తం పట్టే ఎస్‌డబ్ల్యూఐ లేదా గ్రేడియంట్ ఎకో, చివర్లో రంగుమందు లేకుండా తీసే రక్తనాళాల యాంజియో. ఎందుకో మన దగ్గర చాలా ప్రోటోకాళ్ళలో టీ1 సాజిటల్ (తలని పక్కనుంచి చూపే బొమ్మ) ముందుంటుంది. ఈ కేసులో దానితో ఏం పనో నాకు అర్థం కాదు.

అసలు మనం చూస్తున్నది ఏమిటి

మెదడులో నీటి అణువులు ఊరికే ఉండవు, వేడికి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. ఒక గ్రేడియంట్ పల్సు (చోటుని బట్టి మారే అయస్కాంత బలం, క్షణకాలం) ఇచ్చి, కాసేపాగి దాన్ని రద్దు చేసే ఇంకో పల్సు ఇస్తే, కదలని నీటికి లెక్క సరిపోతుంది, సిగ్నల్ మిగులుతుంది. ఈలోపు కదిలిపోయిన నీటికి లెక్క సరిపోదు, సిగ్నల్ పడిపోతుంది. స్టెస్కాల్, టానర్ అనే ఇద్దరు 1965లో చూపించిన కిటుకు ఇది. దాన్ని మనిషి మెదడు బొమ్మగా మార్చింది 1980ల మధ్యలో ఫ్రాన్స్‌లో డెనిస్ లె బియాన్. స్ట్రోక్‌తో ముడిపెట్టింది మైకేల్ మోస్లీ బృందం: 1990లో పిల్లుల మెదడు రక్తనాళాన్ని మూసి చూస్తే 45 నిమిషాలకే డిఫ్యూజన్‌లో తెల్లబడింది, అదే చోటు టీ2లో (మామూలు ఎంఆర్ఐ బొమ్మలో) కనబడటానికి రెండు మూడు గంటలు పట్టింది. ఈ తేడా మీదే మన రాత్రి డ్యూటీ అంతా నడుస్తోంది.

తెల్లబడటం ఎందుకంటే, రక్తం ఆగితే కణాలకి శక్తి అందదు, సోడియం-పొటాషియం పంపులు ఆగిపోతాయి, బయటి నీరు లోపలికి చేరి కణాలు ఉబ్బుతాయి. తిరునాళ్ళలో రెండు పక్కలా కొట్లు ముందుకి జరిపేసిన సందులో జనం ఎలా ఇరుక్కుంటారో, ఉబ్బిన కణాల మధ్య మిగిలిన నీరు కూడా అలా ఇరుక్కుంటుంది. కణాల లోపలి నీటి కదలిక కూడా మందగిస్తుందని అంటారు. ఏది ఎంత వంతు అన్న చర్చ ఇంకా తెగలేదు. రిపోర్టు రాయడానికి మనకి అది అడ్డం కాదు.

మూడు బొమ్మలు, ఒక్క లెక్క

మెషీన్ ఇచ్చేవి మూడు. గ్రేడియంట్ లేని బీ 0 బొమ్మ (బీ అంటే గ్రేడియంట్ ఎంత గట్టిగా ఇచ్చామో చెప్పే అంకె), ఇది దాదాపు టీ2 లాంటిది. మూడు దిక్కుల్లో గ్రేడియంట్ ఇచ్చి కలిపిన బీ 1000 బొమ్మ, మనం "డిఫ్యూజన్" అని పిలిచేది ఇదే. ఈ రెంటి నుంచి లెక్కగట్టిన ఏడీసీ మ్యాప్, అంటే నీరు ఎంత స్వేచ్ఛగా కదులుతోందో చూపే పటం. బీ 0 సిగ్నల్‌ని బీ 1000 సిగ్నల్‌తో భాగించి, సహజ లాగరిథమ్ తీసి, వెయ్యితో భాగిస్తే ఏడీసీ. పీజీలు ఒక్కసారైనా చేత్తో చెయ్యండి, జన్మలో మర్చిపోరు.

మామూలు మెదడు: బీ 0లో 400, బీ 1000లో 180 అనుకోండి. లెక్క 0.0008 వస్తుంది. కన్సోల్ మీద దీన్ని 800 అని చూపిస్తుంది, మామూలు మెదడుకి 700 నుంచి 900 మధ్య సహజం. కొత్త స్ట్రోక్: బీ 0లో 420, బీ 1000లో 252. ఏడీసీ సుమారు 510. నీరు ఇరుక్కుంది. ఇక పాత స్ట్రోక్ మచ్చ: బీ 0లో 900, బీ 1000లో 330. ఏడీసీ సుమారు 1000, అంటే నీరు మామూలు కన్నా ఎక్కువ స్వేచ్ఛగా తిరుగుతోంది.

ఇప్పుడు బీ 1000 అంకెలు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి: 180, 252, 330. అన్నిటికన్నా తెల్లగా మెరిసేది పాత మచ్చే! టీ2లో ఉన్న తెలుపు డిఫ్యూజన్ బొమ్మలోకి తోసుకొచ్చింది. టీ2 షైన్ త్రూ అనేది దీన్నే. రెండేళ్ళ కిందటి మచ్చకి "అక్యూట్ ఇన్‌ఫార్క్ట్" (రక్తం అందక కొత్తగా చచ్చిన భాగం) అని రిపోర్టు వెళ్ళేది సరిగ్గా ఇక్కడే. బీ 1000లో తెలుపు, ఏడీసీలో అదే చోట నలుపు, రెండూ కలిస్తేనే రిస్ట్రిక్షన్, అంటే నీరు ఇరుక్కోవడం. ఏడీసీ మ్యాప్ మీద కర్సర్ పెట్టి అంకె చదవండి. 620 కన్నా తక్కువ ఉంటే ఇన్‌ఫార్క్ట్ అయ్యే అవకాశం బలంగా ఉంది, పెద్ద అధ్యయనాల్లో సాఫ్ట్‌వేర్లు వాడే గీత కూడా అదే. వెన్నెముక ద్రవంలో కర్సర్ పెడితే 3000 దరిదాపుల్లో రావాలి. అక్కడ 3 అనో, 30 అనో వస్తే మీ మెషీన్ కొలత వేరు, భయపడకుండా గుణించుకోండి.

చూసేటప్పుడు విండో (నలుపు తెలుపుల పరిధి) బిగించి చూడండి. కన్సోల్ ఇచ్చిన వెలుతురులోనే స్క్రోల్ చేస్తే కార్టెక్స్‌లో (మెదడు పై పొరలో) మినప గింజంత మచ్చ తప్పించుకుంటుంది. ముఖ్యంగా చెయ్యి ఒక్కటే పడిపోయిన మనిషిలో. నరం నొక్కుకుపోయిందని ఆర్థోకి పంపిన కేసులో ప్రీసెంట్రల్ గైరస్ (కదలికల్ని నడిపే మడత) మీద చేతి భాగం దగ్గర చిన్న చుక్క కనబడటం అరుదేం కాదు.

మోసం చేసే తెలుపులు కొన్నిటిని ముఖం గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాలి. ముక్కు గాలిగదుల పైన ఫ్రంటల్ అడుగు భాగం, చెవి ఎముక పక్కన టెంపొరల్ అడుగు భాగం గాలి వల్ల వంకరపోయి తెల్లబడతాయి. రెండు పక్కలా ఉంటాయి, బీ 0లోనూ వంకరగానే ఉంటాయి. పళ్ళకి క్లిప్పులుంటే ముందు భాగం మొత్తం పోతుంది. కోరాయిడ్ ప్లెక్సస్ తిత్తులు పెద్దవాళ్ళలో బాగా తెల్లగా ఉంటాయి, ఏడీసీ కూడా తగ్గి ఉండొచ్చు, మెదడు జఠరికల (ద్రవం ఉండే గదుల) లోపల ఉన్నాయని గమనిస్తే చాలు. ఇన్సులా, సింగ్యులేట్ కార్టెక్స్ రెండు పక్కలా సమానంగా కొంచెం తెలుపు, అది సహజం.

ఫ్లెయిర్ చెప్పే టైము

నిద్రలో వచ్చిన స్ట్రోక్‌కి మన దగ్గరున్న గడియారం ఇదొక్కటే. డిఫ్యూజన్‌లో మచ్చ స్పష్టంగా ఉంది, ఫ్లెయిర్‌లో అదే చోట ఏమీ లేదు: స్ట్రోక్ మొదలై నాలుగున్నర గంటలు దాటకపోయి ఉండొచ్చు. దీన్ని నమ్ముకునే వేకప్ ట్రయల్ నడిచింది, ఫలితాలు 2018లో వచ్చాయి. ఇలా తేడా ఉన్నవాళ్ళకి ఆల్టెప్లేజ్ (గడ్డ కరిగించే ఇంజెక్షన్) ఇస్తే మూడు నెలలకి దాదాపు పూర్తిగా కోలుకున్నవాళ్ళు 53.3 శాతం, ఇవ్వనివాళ్ళలో 41.8 శాతం. రక్తస్రావం కొంచెం పెరిగింది, అది దాచాల్సిన సంగతి కాదు, ఫిజీషియన్ ఇంటివాళ్ళకి చెప్పాల్సిందే.

కానీ ఈ గడియారం రెండో వైపు తప్పు చూపిస్తుంది. 2011లో వచ్చిన ప్రీ-ఫ్లెయిర్ అధ్యయనంలో నాలుగున్నర గంటల లోపలే స్కాన్ అయినవాళ్ళలో 62 శాతం మందికే ఈ తేడా కనబడింది. మిగతావాళ్ళకి ఫ్లెయిర్ అప్పటికే మారింది. కాబట్టి టైము ఖాయంగా తెలిసిన మనిషికి, రెండు గంటలే అయినా, "ఫ్లెయిర్‌లో కనబడుతోంది, టైము దాటింది" అని రాయొద్దు. భార్య చెప్పిన టైము ముందు ఫ్లెయిర్ సాక్ష్యం చెల్లదు. ఫ్లెయిర్ కోసం విండో మరీ బిగించకండి కూడా, లేని తెలుపు పుట్టుకొస్తుంది. ఎదుటి పక్కతో పోల్చండి, కంటికి వెంటనే తట్టేంత తేడా ఉంటేనే పాజిటివ్.

ఆ తర్వాతి రోజుల లెక్క మోటుగా ఇలా ఉంటుంది. మొదటి కొన్ని రోజులు ఏడీసీ బాగా పడి ఉంటుంది. వారం నుంచి పది రోజుల దగ్గర మామూలు అంకెకి వచ్చేస్తుంది, అప్పుడు ఏడీసీ ఒక్కటే చూస్తే మెదడు బాగున్నట్టే ఉంటుంది, టీ2 చూస్తేనే బయటపడుతుంది. ఆ తర్వాత ఏడీసీ పైకి పోతుంది. బీ 1000 తెలుపు మాత్రం ఇంకా కొన్నాళ్ళు అలాగే ఉంటుంది. వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో వారం ఉండి మన దగ్గరికొచ్చిన పేషెంటుని చదివేటప్పుడు ఇది గుర్తుండాలి.

మచ్చ ఎక్కడుందో అదే కారణం చెప్తుంది

ఒకే రక్తనాళం పరిధిలో ముక్కోణంగా కార్టెక్స్ దాకా పోతే ఎక్కడినుంచో గడ్డ వచ్చి అడ్డుపడింది. కుడి ఎడమల్లో, ముందు వెనకల్లో, ఒకే వయసు మచ్చలు చెదిరి ఉంటే గుండె వైపు చూడమని రాయండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) ఉంటుంది, మన దగ్గర నలభై దాటని ఆడవాళ్ళలో అయితే రుమాటిక్ గుండె జబ్బుతో మైట్రల్ కవాటం బిగుసుకుపోయి ఉండటం ఇప్పటికీ చూస్తున్నాం. రెండు రక్తనాళాల సరిహద్దులో వరుసగా చుక్కలుంటే మెడలో కెరోటిడ్ ధమని సన్నబడిందేమో డాప్లర్ చేయించాలి. బీపీ, షుగర్ ఉన్న మనిషికి లోతులో ఒక్క చిన్న చుక్క ఉంటే సన్న రక్తనాళాల జబ్బు. రెండు థాలమస్‌లూ (మెదడు లోతులోని కేంద్రాలు) తెల్లగా ఉండి మనిషి మగతగా ఉంటే, రెంటికీ ఒక్కటే రక్తమిచ్చే పెర్షెరాన్ ధమని గుర్తుకు రావాలి. "తాగి పడుకున్నాడు" అని క్యాజువాలిటీలో ఒక మూల పడేసిన కేసుల్లో ఇది దొరుకుతుంది.

నార్మల్ అంటే నార్మల్ కాదు

అధ్యయనాలన్నీ కలిపి చూస్తే నిజమైన స్ట్రోక్‌లలో సుమారు 7 శాతానికి మొదటి డిఫ్యూజన్‌లో ఏమీ కనబడదు. వెనక భాగపు స్ట్రోక్‌లలో ఇలా తప్పిపోయే అవకాశం ముందు భాగం కన్నా చాలా రెట్లు. కళ్ళు తిరుగుతున్నాయి, వాంతులు, నిలబడితే ఒక పక్కకి తూలిపోతున్నాడు, గ్యాస్ ఇంజెక్షన్ చేసి పంపేస్తే మళ్ళీ వచ్చాడు: ఇలాంటి కేసులో 5 మిల్లీమీటర్ల స్లైసులతో సరిపెట్టుకోకండి. మెడుల్లా (మెదడు కాండం అడుగు భాగం) దగ్గర 3 మిల్లీమీటర్లతో ఇంకోసారి, కరోనల్‌లో కూడా తీయండి. అయినా లేకపోతే "డిఫ్యూజన్‌లో మార్పు కనబడలేదు, స్ట్రోక్ లేదని దీనితో చెప్పలేం, లక్షణాలు ఉంటే 24 గంటల తర్వాత మళ్ళీ తీయాలి" అని రాయండి.

స్ట్రోక్ కానివి

గ్లూకోమీటర్ చూడకుండా ఎంఆర్ఐకి పంపిన కేసు ఏదొచ్చినా నేను టేబులు మీదే వేలు గుచ్చి చూడమంటాను. కార్తీక మాసం ఉపవాసాల్లో మాత్ర మానకుండా తిండి మానేసిన షుగర్ పేషెంట్లు ఒక పక్క బలహీనతతోనే వస్తారు. షుగర్ మరీ పడిపోతే కార్టెక్స్, ఇంటర్నల్ క్యాప్స్యూల్, కార్పస్ కెలోసం వెనక భాగం తెల్లబడతాయి, థాలమస్ సాధారణంగా తప్పించుకుంటుంది. ఫిట్స్ తర్వాత కార్టెక్స్ మడతల వెంట తెలుపు వస్తుంది, అది ఏ రక్తనాళం హద్దుకీ సరిపోదు. మధ్యలో గట్టి తెలుపు, చుట్టూ వాపు, జ్వరం ఉంటే చీముగడ్డ.

బాలింత తలనొప్పితో, ఫిట్స్‌తో వస్తే ముందు సిరల వైపు చూడండి. పచ్చి బాలింతకి నీళ్ళు తక్కువ తాగించే అలవాటు మన ఇళ్ళల్లో ఇంకా పోలేదు, ప్రసవం తర్వాత రక్తం గడ్డకట్టే గుణం ఎలాగూ ఎక్కువ. సిర మూసుకుపోతే డిఫ్యూజన్ కలగాపులగంగా ఉంటుంది, కొంత చోట ఏడీసీ తక్కువ, పక్కనే ఎక్కువ, మధ్యలో రక్తం. ఎంఆర్ వీనోగ్రఫీ (సిరల బొమ్మ) లేకుండా ఆవిడని టేబులు దింపొద్దు.

పరిమాణం

సాఫ్ట్‌వేర్ లేదు కాబట్టి స్కేలుతోనే. మచ్చ పెద్దగా ఉన్న స్లైసులో పొడవు, దానికి అడ్డంగా వెడల్పు, మచ్చ కనబడిన ఎత్తు, మూడూ సెంటీమీటర్లలో గుణించి సగం చెయ్యండి. 5, 3, 4 అయితే 30 మిల్లీలీటర్లు. 2018 నాటి డాన్, డిఫ్యూజ్-3 అధ్యయనాలు ఆరు గంటలు దాటిన వాళ్ళలో కూడా, ఒకటి 24 గంటల దాకా, ఇంకోటి 16 గంటల దాకా, గడ్డ తీయడం వల్ల మేలుందని చూపించాయి. మచ్చ చిన్నది, బలహీనత పెద్దది అన్నదే అక్కడి సూత్రం. డిఫ్యూజ్-3లో 70 మిల్లీలీటర్ల లోపు ఉండాలన్నారు. ఆ తర్వాత వచ్చిన పెద్ద మచ్చల అధ్యయనాల్లో కూడా ఎంచుకున్న పేషెంట్లకి లాభం కనబడింది, అందుకని అంకె రాయండి, "పనికిరాదు" అని మీరు తీర్పు రాయకండి. పెద్ద ఊరికి పంపాలా వద్దా అన్నది న్యూరో వాళ్ళు చెప్తారు.

రిపోర్టు

ముందు ఫోన్, తర్వాత టైపింగు. ఫోన్లో నాలుగు ముక్కలు చాలు: "ఎడమ ఎంసీఏ పరిధిలో రిస్ట్రిక్షన్ ఉంది, ఏడీసీ 500 చిల్లర, ఫ్లెయిర్ నెగటివ్, రక్తం లేదు, ఎం1 దగ్గర ఫ్లో కనబడట్లేదు." (ఎంసీఏ అంటే మెదడు మధ్య ధమని, ఎం1 దాని మొదటి భాగం.) ఎవరికి చెప్పారో, ఎన్నింటికి చెప్పారో రిపోర్టులో రాయండి. రిపోర్టులో "అక్యూట్" అన్న మాట పక్కన ఏడీసీ అంకె లేకపోతే నేను సంతకం పెట్టను, మా పీజీలకి ఈ సంగతి తెలుసు.

బయట కుర్చీల్లో కూర్చున్న ఇంటివాళ్ళు పేషెంటు స్ట్రెచరు కన్నా ముందు మీ దగ్గరికి వస్తారు. "మేడం, మా నాన్న మళ్ళీ నడుస్తాడా?" అని అడుగుతారు. డిఫ్యూజన్‌కి అది తెలియదు. పాన్స్‌లో (మెదడు కాండంలో) సెంటీమీటరు మచ్చ మనిషిని మంచానికి కట్టేస్తుంది, కుడి ఫ్రంటల్‌లో దానికి అయిదింతలున్నా కొందరు నడిచే వెళ్తారు. ఏం తీశామో, ఎవరికి ఫోన్ చేశామో చెప్పి, ఫిజీషియన్ గది చూపించండి. పిన్నీసుల కవరు మర్చిపోకుండా చేతికివ్వండి.